చేతికి అమరే పిస్తోలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలో ఉంటున్న మనవాళ్లవి, ఒకటి విజయవాడ నుంచి వచ్చింది. వాటిలో ఒక ఉత్తరానికి మిగతా అన్నిటికన్నా ముందు జవాబు చెప్పవలసి ఉంది గనుక దానితోనే మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను హెచ్-1బి వీసాపై డాలస్‌లో పనిచేస్తున్నాను. ఆఫీసు స్నేహితులు శనివారాలు షూటింగ్ రేంజ్‌కు వెళ్తుంటారు, నాకూ వెళ్లాలని ఉంది. వచ్చే నెల మా నాన్నగారు ఇండియా నుంచి వస్తున్నారు, ఆయనను కూడా తీసుకువెళ్దామనుకుంటున్నాను. మొదటిసారి కాల్చేవాళ్లు ఎలాంటి పిస్తోలు అద్దెకు తీసుకుంటే మంచిది?

జవాబు: మీరు ఇప్పుడున్న పరిస్థితిలో ఏ పిస్తోలూ అద్దెకు తీసుకోవద్దు, మీ నాన్నగారి చేతికీ ఇవ్వనివ్వద్దు. వలసేతర వీసాపై ఉన్నవారి దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని అమెరికా ఫెడరల్ చట్టం, అంటే టైటిల్ 18లోని సెక్షన్ 922, స్పష్టంగా చెబుతోంది. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 వీసాలు, మీ నాన్నగారు వచ్చే సందర్శక వీసా, అన్నీ ఈ కోవలోకే వస్తాయి. సొంతానికి కొనుక్కుంటేనే తప్పు అనీ, రేంజ్‌లో గంటసేపు అద్దెకు పట్టుకుంటే ఫరవాలేదనీ చాలామంది అనుకుంటారు, కానీ చట్టం దృష్టిలో చేతిలో ఉండటమే కలిగి ఉండటం. అమ్మానాన్నలను సరదాగా రేంజ్‌కు తీసుకువెళ్లి ఫొటోలు దిగి నలుగురికీ పంపే కుటుంబాలను చూసినప్పుడల్లా నాకు ఆందోళన కలుగుతుంది, ఎందుకంటే ఆ ఒక్క ఫొటో వల్ల వచ్చే చిక్కు జైలు శిక్షతో ఆగదు, వీసాకూ గ్రీన్ కార్డు దరఖాస్తుకూ చుట్టుకుంటుంది.

చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. అయితే దానిని నమ్ముకుని అడుగు వేసే ముందు ఒక ఇమ్మిగ్రేషన్ న్యాయవాదితో మాట్లాడి, మీ రాష్ట్ర నిబంధనలు కూడా కనుక్కోండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ ప్రత్యేక నిషేధం లేదు. మీకు నిజంగా గురి నేర్చుకోవాలన్న కోరిక ఉంటే మరో మంచి దారి ఉంది. పేలుడు మందుతో తూటాను తోసేదే ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ అవుతుంది కాబట్టి, గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ పిస్తోలు ఆ నిర్వచనంలోకి రాదు. మీ రాష్ట్రంలో, మీ ఊళ్లో దానికి వేరే నియమాలు ఉన్నాయేమో చూసుకుని, 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు నేర్పే క్లబ్బును వెతుక్కోండి. అక్కడ ఒక ఏడాది నేర్చుకున్న చేతికి తర్వాత ఏ పిస్తోలైనా తేలికగానే లొంగుతుంది.

ప్రశ్న: నా వయసు 56. పౌరసత్వం వచ్చి చాలా ఏళ్లయింది. పిల్లలు చదువులకు వెళ్లిపోయాక మా వారితో కలిసి ఫ్రిస్కోలో రేంజ్‌కు వెళ్లడం మొదలుపెట్టాను. దుకాణంలో “ఆడవాళ్లకు ఇది బాగుంటుంది” అంటూ అరచేతిలో ఇమిడిపోయే చిన్న 9 ఎం.ఎం. పిస్తోలు ఇచ్చారు. దాని స్లైడ్, అంటే తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పైభాగం, లాగలేక వేళ్లు నొప్పి పుడుతున్నాయి. కాల్చిన ప్రతిసారీ ఒళ్లు ఝల్లుమంటోంది, ఇరవై తూటాలకే మణికట్టు లాగేస్తోంది. ఈ సరదా నాకు అచ్చిరాదేమో అనిపిస్తోంది. తేలిగ్గా కాల్చగల పిస్తోలు ఏదైనా ఉందా?

జవాబు: అమ్మా, లోపం మీలో లేదు, మీకు చేసిన సిఫారసులో ఉంది. చేయి చిన్నది గనుక పిస్తోలు కూడా చిన్నదే ఉండాలన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, కాల్చడం దగ్గరకు వచ్చేసరికి అది పూర్తిగా తలకిందులవుతుంది. 9 ఎం.ఎం. తూటాలోని గుండు సుమారు ఏడున్నర, ఎనిమిది గ్రాములు ఉంటుంది. అది ముందుకు దూసుకుపోయేటప్పుడు ఎంత తోపు పుడుతుందో అంత తోపు పిస్తోలును వెనక్కి నెడుతుంది. ఆ తోపు మీద పిస్తోలు బరువుకు ఏ ప్రభావమూ లేదు, ఆ తోపుకు పిస్తోలు ఎంత వేగంగా మీ చేతిలోకి తన్నుకొస్తుందన్నదే బరువును బట్టి మారుతుంది. పోటీల కోసం తయారుచేసిన సీజెడ్ షాడో 2 వంటి ఉక్కు పిస్తోలు ఖాళీగానే కిలో 300 గ్రాములకు పైగా తూగుతుంది. నడుముకు పెట్టుకోవడానికి చేసిన సిగ్ పీ365 వంటిది సుమారు 500 గ్రాములే. ఒకే తూటా ఈ రెండింటిలో పేలితే రెండోది రెండు రెట్లకు మించిన వేగంతో వెనక్కి తన్నుతుంది. పైగా చిన్న పిస్తోలు పిడి పొట్టిగా ఉండటం వల్ల చిటికెన వేలికి పట్టు దొరకదు. మీ మణికట్టు లాగేయడానికి కారణం ఇదే.

స్లైడ్ సంగతి కూడా అంతే. చిన్న పిస్తోలులో స్లైడ్ తేలికగా, పొట్టిగా ఉంటుంది కాబట్టి దానిని ఆపి తిరిగి ముందుకు పంపడానికి గట్టి స్ప్రింగ్ పెట్టవలసి వస్తుంది, పట్టుకోవడానికేమో చోటు తక్కువ. తక్కువ శక్తి గల .380 తూటా వాడే పిస్తోలు తీసుకోమని కొందరు సలహా ఇస్తారు. అందులో సగమే నిజం. పాత తరహా .380 పిస్తోళ్లలో, ఉదాహరణకు వాల్తర్ పీపీకేలో, బ్యారెల్, అంటే గుండు వెళ్లే గొట్టం, ఫ్రేముకు బిగించి ఉంటుంది, స్లైడ్ బరువూ స్ప్రింగ్ బలమూ మాత్రమే పేలుడును ఆపాలి. అందువల్ల తూటా చిన్నదైనా స్ప్రింగ్ మొండిగా ఉంటుంది, చేతికి తగిలే దెబ్బ కూడా చురుక్కుమంటుంది. స్మిత్ అండ్ వెసన్ 2018లో తెచ్చిన ఎం అండ్ పీ 380 షీల్డ్ ఈజెడ్ పద్ధతి వేరు. అందులో బ్యారెల్, స్లైడ్ కొంతదూరం కలిసి వెనక్కి జరిగి విడిపోతాయి గనుక మెత్తటి స్ప్రింగ్ సరిపోతుంది. స్లైడ్ లాగలేక ఇబ్బంది పడేవారి కోసమే దానిని రూపొందించారు. అదే వరసలో 2020లో 9 ఎం.ఎం. కూడా వచ్చింది.

అయినా మీరు నన్ను అడిగింది సరదాగా గురి చూసి కాల్చడం గురించి కాబట్టి, నా మొదటి సలహా చిన్న తూటా వాడే .22 పిస్తోలు. అందులోని గుండు రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ, అంతే. కిలోకు దగ్గరగా ఉండే పిస్తోలులో అది పేలితే తన్ను అనడానికి కూడా ఉండదు, చిన్న అదురు మాత్రమే తెలుస్తుంది. రూగర్ మార్క్ 4, బ్రౌనింగ్ బక్ మార్క్, స్మిత్ అండ్ వెసన్ విక్టరీ, ఈ మూడూ లక్ష్య సాధన కోసమే చేసినవి. రూగర్ కంపెనీ 1949లో మొట్టమొదట అమ్మిన వస్తువు ఈ వంశానికి చెందిన .22 పిస్తోలే. విప్పాక తిరిగి బిగించడం మహా కష్టమన్న పేరు ఆ పాత నమూనాలకు ఉండేది. 2016లో వచ్చిన మార్క్ 4తో ఆ బాధ తీరింది, వెనుక ఉన్న ఒక్క మీట నొక్కితే పై భాగం ముందుకు తెరుచుకుంటుంది. స్లైడ్‌కు బదులు వెనుక రెండు చెవుల్లాంటి బోల్టు ఉంటుంది, రెండు వేళ్లతో లాగితే చాలు.

ఇప్పుడున్న పిస్తోలు అమ్మేసే ముందు ఒకసారి ఈ పద్ధతిలో ప్రయత్నించండి. ఖాళీ పిస్తోలును, మొన లక్ష్యం వైపే ఉంచి, పొట్టకు దగ్గరగా తెచ్చుకోండి. ఎడమ అరచేతితో స్లైడ్ పైభాగాన్ని గట్టిగా కప్పి పట్టుకుని ఆ చేతిని కదలనివ్వకండి. కుడి చేతితో పిడిని ముందుకు తోయండి. లాగడానికి వేళ్ల బలం కావాలి, తోయడానికి భుజమూ ఛాతీ కూడా సాయం వస్తాయి. మొదటి వారం ఒక్కసారి కూడా స్లైడ్ లాగలేకపోయినవారు ఈ ఒక్క మార్పుతో అదే రోజు లాగడం నేను ఎన్నోసార్లు చూశాను. బయటికి హామర్ (తూటాను పేల్చడానికి కొట్టే చిన్న సుత్తి) కనిపించే పిస్తోలైతే ముందు హామర్‌ను వెనక్కి వంచి, ఆ తర్వాత స్లైడ్ లాగితే శ్రమ తగ్గుతుంది, ఎందుకంటే అప్పుడు మీరు హామర్ స్ప్రింగ్‌తో పోరాడనక్కర్లేదు.

కొనేముందు చూసుకోవలసిన కొలత ఇంకొకటి ఉంది. పిడిని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య సందులోకి దిగేలా నిండుగా పట్టుకున్నప్పుడు, చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద దానంతటదే ఆనాలి. వేలు అందడం కోసం పట్టును పక్కకు తిప్పుకోవలసి వస్తే ఆ పిస్తోలు మీది కాదు, ఎంత ఖరీదైనదైనా సరే. చిన్న చేతుల కొలతలు తీసుకుని వాల్తర్ కంపెనీ చేసిన పీడీపీ ఎఫ్ శ్రేణిలో పిడి చుట్టుకొలత, ట్రిగ్గర్ దూరం, స్లైడ్ బిగువు మూడూ తగ్గించారు. ఎప్పుడైనా 9 ఎం.ఎం.కు మారాలనిపిస్తే దానిని అద్దెకు తీసుకుని ఒక పెట్టె తూటాలు కాల్చి చూడండి. దుకాణం కౌంటరు దగ్గర పట్టుకుని చూసినప్పుడు నచ్చిన పిస్తోలు, కాల్చాక నచ్చకపోవడం చాలా మామూలు విషయం.

ప్రశ్న: నేను నార్త్ కరొలినాలో ఉంటాను, వయసు 31. రెండేళ్ల కింద పేరున్న 9 ఎం.ఎం. పిస్తోలు కొన్నాను. గుళ్లన్నీ కిందికి, ఎడమకు పడుతున్నాయి. వీడియోలు చూసి ట్రిగ్గర్ మార్చాను, తేలికపాటి స్ట్రైకర్ స్ప్రింగ్ (తూటాను పేల్చే సూదిని ముందుకు తోసేది), మెత్తటి రికాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ను తిరిగి ముందుకు తెచ్చేది) వేశాను. ఇప్పుడు కూడా అక్కడే పడుతున్నాయి, పైగా అప్పుడప్పుడు ట్రిగ్గర్ నొక్కితే “టిక్” మని ఊరుకుంటోంది. తర్వాత బ్యారెల్ మార్చాలా?

జవాబు: బ్యారెల్ జోలికి వెళ్లకండి. మీ పిస్తోలుకు ఇప్పుడు రెండు జబ్బులున్నాయి, ఒకటి మీరు మొదట్నుంచీ తెచ్చుకున్నది, రెండోది డబ్బు పెట్టి కొనుక్కున్నది.

రెండోదాని సంగతి ముందు చూద్దాం. “టిక్” మన్నప్పుడు మొనను లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలు అరుదుగానైనా ఉంటాయి. ఆ తర్వాత తూటాను బయటికి తీసి దాని అడుగున ప్రైమర్‌ను, అంటే దెబ్బ తగిలితే మందును అంటించే చిన్న బిళ్లను, వెలుతురులో పట్టి చూడండి. మామూలుగా పేలిన ఖాళీ గొట్టం అడుగున గుంట లోతుగా, గుండ్రంగా ఉంటుంది. మీ దానిమీద గుంట పైపైన, ఎవరో గోటితో నొక్కి వదిలేసినట్టు ఉంటే స్ట్రైకర్ బలం చాలలేదన్నమాట. ట్రిగ్గర్ తేలిక కావాలని వేసిన ఆ మెత్తటి స్ప్రింగే దీనికి కారణం. ఫ్యాక్టరీ ట్రిగ్గర్ సుమారు రెండున్నర కిలోల బిగువుతో రావడం తయారీదారు బద్ధకం వల్ల కాదు, ఎలాంటి తూటా ప్రైమర్‌నైనా నమ్మకంగా పేల్చడానికీ, పిస్తోలు చేయిజారి కింద పడినా పేలకుండా ఉండటానికీ ఆ స్ప్రింగులన్నీ ఒకదానికొకటి లెక్క కట్టి పెట్టినవి. అందులో ఒకటి మార్చితే లెక్క మారుతుంది, మూడు మార్చితే లెక్కే ఉండదు. స్ట్రైకర్ స్ప్రింగూ రికాయిల్ స్ప్రింగూ రెండూ ఫ్యాక్టరీవే తిరిగి వేయించండి. ట్రిగ్గర్ భాగాలను అనుభవమున్న గన్‌స్మిత్‌కు చూపించి, ఫైరింగ్ పిన్‌ను (ఆ పేల్చే సూదిని) అడ్డుకునే రక్షణ ఏర్పాటు సరిగా పనిచేస్తోందో లేదో పరీక్ష చేయించేదాకా అందులో తూటా పెట్టకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి, పక్క వరసలో నిలబడిన మనిషి ప్రాణం కూడా ఆ చిన్న రక్షణ మీదే ఆధారపడి ఉంటుంది. .22 పిస్తోళ్లలో మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసేస్తే పేలకుండా ఆపే భాగాన్ని పీకేయడం కూడా కొందరికి అప్‌గ్రేడ్‌గా కనిపిస్తుంది. రక్షణ కోసం పెట్టినదాన్ని తీసేయడాన్ని నేను ఆ పేరుతో పిలవలేను.

ఇక మొదటి జబ్బు. కుడిచేతి వాటం వారికి గుళ్లు కింద ఎడమకు పడితే తొంభై పాళ్లు అది పిస్తోలు తప్పు కాదు, పేలుతుందని ముందే తెలిసిన చేయి దానికి ఎదురుగా బిగుసుకోవడం. మీ స్నేహితుడిని మీ మ్యాగజైన్ నింపమనండి, మీరు చూడకుండా మామూలు తూటాల మధ్య అక్కడక్కడ రెండు మూడు డమ్మీ తూటాలు పెట్టమనండి. కాలుస్తూ వెళ్లండి. డమ్మీ వచ్చిన చోట పేలుడు ఉండదు, చప్పుడు ఉండదు, కానీ పిస్తోలు మొన మాత్రం ఉన్నట్టుండి కొంగ ముక్కు నీళ్లలో మునిగినట్టు కిందికి దిగుతుంది. నా దగ్గర నేర్చుకునేవారు ఆ క్షణంలో పిస్తోలును బల్లమీద పెట్టేసి నా వైపు తిరిగి చూస్తారు, ఎవరికీ నోట మాట రాదు. మీ కళ్లతో మీరే చూశాక ఇక నేను చెప్పడానికి ఏమీ మిగలదు.

దీనికి మందు ఇంట్లోనే దొరుకుతుంది. తూటాలన్నీ మరో గదిలో పెట్టి తలుపు వేసి, పిస్తోలు ఖాళీ అని కంటితో, వేలితో రెండుసార్లు చూసుకుని, గుండు దాటి పోలేని గట్టి గోడ వైపు మాత్రమే గురిపెట్టి, రోజుకు పది నిమిషాలు ఖాళీ ట్రిగ్గర్ నొక్కండి. మొన దగ్గర గురి చూడటానికి ఉండే ముందు సైట్ మీద ఒక నాణెం నిలబెట్టి అది పడకుండా నొక్కడం పాతకాలం నుంచీ ఉన్న సాధన. 9 ఎం.ఎం.కు ఇది ఫరవాలేదు గానీ, .22 పిస్తోలుతో చేసేముందు దాని పుస్తకం చదవండి, కొన్నింటిలో ఫైరింగ్ పిన్ బ్యారెల్ అంచుకు తగిలి గాటు పడుతుంది.

అసలు ఏ మార్పూ చేయకూడదా అంటే, చేయవచ్చు, అయితే “నాకు ఫలానా ఇబ్బంది ఉంది” అని ఒక వాక్యంలో చెప్పగలిగినప్పుడే చేయాలి. వేసవిలో చెమటకు పట్టు జారుతోందంటే పిడికి గరుకు టేపు వేయండి, ఖర్చు తక్కువ, నచ్చకపోతే పీకేయవచ్చు. ముందు సైట్ కనిపించడం లేదంటే వెలుగును పోగుచేసే ఫైబర్ సైట్ వేయించండి. వేల తూటాలు కాల్చాక స్ప్రింగు అలసిపోతుంది, తయారీదారు చెప్పిన లెక్క ప్రకారం అదే బలం గల కొత్తది వేయడం అన్నిటికన్నా మంచి అప్‌గ్రేడ్, దాని గురించి ఎవరూ వీడియో చేయకపోయినా. మీరు ఇంతవరకు విడిభాగాలకు పెట్టిన డబ్బుకు కొన్ని వందల తూటాలూ ఒక మంచి శిక్షకుడి దగ్గర రెండు మూడు పాఠాలూ వచ్చేవి. ఇకపై అటు పెట్టండి. పోటీ రుచి చూడాలనుకుంటే స్టీల్ ఛాలెంజ్ పోటీలకు వెళ్లండి. అక్కడ ఒక్కో దశలో ఐదు ఇనుప పలకలు ఉంటాయి, .22 పిస్తోళ్లకు ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. గుండు తగలగానే వచ్చే ఆ “ఠంగ్” శబ్దం చెప్పే నిజం ఏ ట్రిగ్గర్ ప్రకటనా చెప్పదు.

ప్రశ్న: నాకు 63 ఏళ్లు, అట్లాంటాలో ఉంటాను. ముందు సైట్ మసకగా కనిపిస్తోంది. రెడ్ డాట్, అంటే ఎర్ర చుక్క చూపించే చిన్న అద్దం సైట్, పెట్టించుకోమంటున్నారు. పెట్టించుకున్న మిత్రుడి పిస్తోలులో చూస్తే చుక్కకు బదులు తోక ఉన్న నక్షత్రంలా కనిపించింది.

జవాబు: ముందు సైట్ చేయి దూరంలో ఉంటుంది. నలభై అయిదు దాటాక ఆ దూరంలో చూపు ఆనకపోవడం సహజం. రెడ్ డాట్ అయితే మీరు లక్ష్యాన్నే చూస్తారు, చుక్క దాని మీదే తేలుతున్నట్టు ఉంటుంది గనుక మీ వయసువారికి ఇది నిజంగా ఉపయోగపడే మార్పు. చుక్క నక్షత్రంలా కనిపించడం మాత్రం ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపులో తేడా, లక్షణం కావచ్చు. మీ ఫోను కెమెరాను ఆ అద్దం వెనుక పెట్టి చూడండి. ఫోనులో చుక్క గుండ్రంగా ఉంటే తేడా మీ కంటిలో ఉన్నట్టు, కంటి డాక్టరును కలవండి. కళ్లజోడుతో అది సర్దుకుంటే డాట్ కొనండి, సర్దుకోకపోతే ముందు సైట్ దూరానికి సరిపడే ప్రత్యేక అద్దం రాయించుకోవడమే మేలు. ఒలింపిక్ పిస్తోలు షూటర్లు వాడేది కూడా ఆ పద్ధతే.

డాట్ పెట్టించుకుంటే, ఫ్యాక్టరీలోనే అందుకు గాడి తీసిన స్లైడ్ ఉన్న పిస్తోలు తీసుకోండి. స్క్రూలు తయారీదారు చెప్పిన పొడవువే వాడి, చెప్పిన బిగువుకే బిగించాలి, కొన్ని పిస్తోళ్లలో పొడవు ఎక్కువైన స్క్రూ లోపలి భాగాలకు అడ్డుపడుతుంది. చుక్క పరిమాణం 3 ఎం.ఓ.ఏ. (కోణాన్ని కొలిచే చిన్న ప్రమాణం) అంటే 25 గజాల దూరంలో అది సుమారు రెండు సెంటీమీటర్ల మేర కప్పుతుంది, 6 అంటే నాలుగు. లక్ష్య సాధనకు చిన్నది బాగుంటుంది, త్వరగా దొరకాలంటే పెద్దది. మొదట్లో చుక్క వణుకుతూ కనిపిస్తే బెదరకండి. ఆ వణుకు ఇంతకుముందు కూడా ఉంది, ఇనుప సైట్‌తో మీకు కనిపించలేదు. చుక్క మధ్యకు వచ్చిన క్షణాన్ని పట్టుకుందామని ట్రిగ్గర్ గుంజితేనే గుండు దారి తప్పుతుంది.

ప్రశ్న: విజయవాడ నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి 13 ఏళ్లు, ఆరు నెలలుగా ఎయిర్ పిస్తోలు నేర్చుకుంటోంది. తెలిసినవాళ్లు ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్న విదేశీ పిస్తోలే కొనమంటున్నారు. అప్పు చేసైనా కొనాలా? లైసెన్సు అవసరమా?

జవాబు: అప్పు చేయకండి, ఇంకా ఆరు నెలలు క్లబ్బు పిస్తోలుతోనే సాధన చేయనివ్వండి. 10 మీటర్ల పోటీలో వాడే 4.5 ఎం.ఎం. ఎయిర్ పిస్తోలుకు తుపాకీ లైసెన్సు అక్కర్లేదు, దుకాణంలో గుర్తింపు పత్రాలు ఇవ్వాలి. ముందుముందు .22కు మారితే మాత్రం ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు వ్యవహారం ఉంటుంది, దానికి క్లబ్బు, రాష్ట్ర సంఘం దారి చూపుతాయి.

అంతర్జాతీయ నియమాల ప్రకారం ఎయిర్ పిస్తోలు ట్రిగ్గర్ బిగువు 500 గ్రాములకు తగ్గకూడదు, పిస్తోలు బరువు 1500 గ్రాములు మించకూడదు. ఎలక్ట్రానిక్ అయినా మెకానికల్ అయినా ఆ 500 గ్రాములు ఒకటే. ఎలక్ట్రానిక్‌లో నొక్కు మరింత శుభ్రంగా తెలుస్తుందన్నది నిజమే, కానీ దానికి బ్యాటరీ, సర్క్యూట్ తోడవుతాయి. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పోటీ మధ్యలో పిస్తోలు మొరాయించి విలువైన సమయం పోగొట్టుకుంది, చివరి ఎనిమిది మందిలోకి రాలేకపోయింది. అదే అమ్మాయి 2024లో పారిస్‌లో రెండు కంచు పతకాలు గెలిచింది. ఆ పారిస్‌లోనే టర్కీకి చెందిన యూసుఫ్ డికెచ్ మామూలు కళ్లజోడుతో, ఒక చేయి జేబులో పెట్టుకుని మిక్స్‌డ్ టీమ్‌లో వెండి పతకం సాధించాడు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది, అందులో 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు వెండి పతకం ఒకటి. ఆ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, చిన్న గోరంత. మీ అమ్మాయి ఒంటి చేత్తో, గంటకు పైగా, అరవైసార్లు పిస్తోలెత్తి దాని మధ్యలో పెల్లెట్ పడేయాలి. పదమూడేళ్ల భుజానికి బరువే మొదటి శత్రువు.

కాబట్టి కొనే రోజు వచ్చినప్పుడు పెద్ద పేర్లు చూడకుండా పొట్టి బ్యారెల్ ఉన్న తేలికపాటి నమూనా అడగండి. స్టెయర్, మొరీనీ, పార్దీనీ కంపెనీలకు అలాంటివి ఉన్నాయి. వాడిన పిస్తోలు కూడా మంచిదే, అయితే గాలి సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడకుండా డబ్బు ఇవ్వకండి. 200 బార్ ఒత్తిడి నింపే ఆ గొట్టం ఆయుష్షు పదేళ్లు, ఆ తర్వాత పోటీకి పనికిరాదు, వాడటం క్షేమమూ కాదు.

డబ్బుకన్నా ఓపిక ఎక్కువ పెట్టవలసిన చోటు చెక్క పిడి. ఆమె చేతికి తగిన సైజు, బహుశా స్మాల్ గానీ ఎక్స్‌ట్రా స్మాల్ గానీ, తీసుకున్నా అది సరిగ్గా అమరదు, ఎవరికీ అమరదు. పట్టుకున్నప్పుడు అరచేతి గుంటలో ఖాళీ ఉందేమో చూడండి. అక్కడ చెక్క పుట్టీ కొద్దిగా మెత్తి, మీద పలుచని ప్లాస్టిక్ కాగితం కప్పి, అమ్మాయిని రోజూ గురిపెట్టే భంగిమలోనే నిలబెట్టి మెల్లగా పట్టుకోమనండి. వేళ్ల అచ్చు పడుతుంది. ఒక రాత్రి ఆరనిచ్చి, పొద్దున ఉప్పు కాగితంతో ఒత్తిడి తగిలే చోట మాత్రమే రుద్దండి. ఆమె కళ్లు మూసుకుని పిస్తోలెత్తి, కళ్లు తెరిచేసరికి రెండు సైట్లూ ఒకే గీతలో ఉండాలి. ముందు సైట్ కుడికి పోతే ఎక్కడో పుట్టీ ఎక్కువైందన్నమాట, మళ్లీ రుద్దండి. మూడు నాలుగు వారాలు పడుతుంది. ఎదిగే వయసు గనుక ఏడాదికొకసారి మళ్లీ చేయవలసి ఉంటుంది, ఆ పుట్టీ డబ్బాను పారేయకండి.